అమెరికన్ ఎయిర్‌లైన్స్ పైలట్లకు ఏ యూనియన్? తరచుగా అడిగే ప్రశ్నలు

డాలస్, ఇర్వింగ్, ఫోర్ట్‌వర్త్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళకు అమెరికన్ ఎయిర్‌లైన్స్ పరాయి కంపెనీ కాదు. దాని ప్రధాన కార్యాలయం ఆ ఊళ్ళ పక్కనే ఉంది. ఆ కంపెనీ పైలట్ల మధ్య ఏళ్ళ తరబడి ఒక చర్చ నడుస్తోంది. తమ సొంత యూనియన్‌తోనే ఉండాలా, దేశమంతటా ఉన్న పెద్ద యూనియన్‌లో కలవాలా అన్నది ఆ చర్చ. బయటివాళ్ళకు చిన్న విషయంలా కనిపిస్తుంది. లోపలివాళ్ళకు మాత్రం రిటైరయ్యే దాకా బతుకును నిర్ణయించే విషయం. దీన్ని గురించి ఎక్కువగా వచ్చే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ ఉన్నాయి.

ఇంతకీ ఏ రెండు యూనియన్ల గురించి ఈ చర్చ?

మొదటిది అల్లైడ్ పైలట్స్ అసోసియేషన్. ఏపీఏ అంటారు. 1963లో పుట్టింది. అమెరికన్ ఎయిర్‌లైన్స్ పైలట్లకు తప్ప ఇంకెవరికీ ఇందులో చోటు లేదు. 15 వేల మందికి పైగా పైలట్ల తరఫున ఇదే మాట్లాడుతుంది. ఆఫీసు ఫోర్ట్‌వర్త్‌లో ఉంది.

రెండోది ఎయిర్ లైన్ పైలట్స్ అసోసియేషన్. అందరూ అల్పా అంటారు. 1931లో డేవిడ్ బెంకీ అనే పైలట్ నాయకత్వంలో షికాగోలో మొదలైంది. డెల్టా, యునైటెడ్, ఫెడెక్స్, అలాస్కా, జెట్‌బ్లూ పైలట్లు ఇందులోనే ఉన్నారు. 2023లో ఎయిర్ కెనడా పైలట్ల సంఘం కూడా వచ్చి కలిసింది. అమెరికా, కెనడాల్లో 40కి పైగా కంపెనీలు, 75 వేలకు పైగా పైలట్లు దీని కింద ఉన్నారు. అమెరికా కేంద్ర కార్మిక సమాఖ్య ఏఎఫ్‌ఎల్-సీఐఓలో అల్పాకు సభ్యత్వం ఉంది, ఏపీఏకి లేదు.

ఒకే కంపెనీలో రెండు యూనియన్లు ఉంటే ఏం? ఎవరికి నచ్చిందాంట్లో వాళ్ళు చేరొచ్చు కదా?

మన దగ్గర అలాగే నడుస్తుంది కాబట్టి ఈ అనుమానం సహజం. సింగరేణిని చూడండి. అక్కడ 1998 నుంచి రహస్య బ్యాలెట్‌తో గుర్తింపు సంఘం ఎన్నికలు జరుగుతున్నాయి. 2023 డిసెంబర్ 27న జరిగిన ఎన్నికల్లో ఏఐటీయూసీ గుర్తింపు సంఘంగా గెలిచింది. అదే ఎన్నికల్లో ఐఎన్‌టీయూసీ 6 ఏరియాల్లో గెలిచి అక్కడ ప్రాతినిధ్య సంఘం అయింది. ఓడిన సంఘాలు కూడా గేటు మీటింగులు పెడతాయి, సభ్యత్వాలు చేస్తాయి, వచ్చే ఎన్నికలకు సిద్ధమవుతాయి.

అమెరికా విమానయాన రంగంలో అది కుదరదు. ఒక కంపెనీలో ఒక రకం ఉద్యోగులందరికీ, దేశం మొత్తం మీద, ఒక్కటే యూనియన్. డాలస్ పైలట్లకు ఒకటి, మయామీ పైలట్లకు ఒకటి అనే మాటే లేదు. గెలిచిన యూనియన్ ఒక్కటే బేరం ఆడుతుంది, ఫిర్యాదులు నడుపుతుంది, ఒప్పందం మీద సంతకం పెడుతుంది. ఓడిన యూనియన్‌కు ఆ కంపెనీలో ఏ హోదా మిగలదు. అందుకే పోటీ అంత తీవ్రంగా ఉంటుంది.

ఈ నియమం ఎక్కడిది?

రైల్వే లేబర్ యాక్ట్ నుంచి వచ్చింది. 1926లో రైల్వేల కోసం చేసిన చట్టాన్ని 1936లో విమాన కంపెనీలకూ వర్తింపజేశారు. రైళ్ళు, విమానాలు ఆగిపోతే దేశం స్తంభిస్తుంది కాబట్టి గొడవలు సమ్మె దాకా పోకుండా వీలైనంత సాగదీయాలన్నది ఈ చట్టం ఉద్దేశం. దీన్ని నడిపేది నేషనల్ మీడియేషన్ బోర్డు. 1934లో ఏర్పడింది, ముగ్గురు సభ్యులుంటారు. యూనియన్ ఎన్నికలు పెట్టేదీ, ఎవరు గెలిచారో ధ్రువీకరించేదీ, బేరసారాల్లో మధ్యవర్తిగా కూర్చునేదీ ఈ బోర్డే.

యూనియన్‌ను మార్చాలంటే ఏం చేయాలి?

రెండు దారులున్నాయి.

ఒకటి, సంతకాల దారి. కొత్త యూనియన్ కావాలనుకునేవాళ్ళు కార్డుల మీద సంతకాలు సేకరిస్తారు. మొత్తం పైలట్లలో కనీసం 50 శాతం మంది సంతకాలుంటేనే బోర్డు ఎన్నిక పెడుతుంది. 2012లో వచ్చిన చట్టంలోని నిబంధన ఇది. కార్డు మీద తేదీ ఉండాలి, ఏడాది దాటితే చెల్లదు. కాబట్టి 15 వేల మంది ఉన్నచోట సంతకాల ఉద్యమం నత్తనడక నడిస్తే, చివరి కార్డులు వచ్చేసరికి మొదటి కార్డులు పాతబడిపోతాయి. ఎన్నిక జరిగితే పోలైన ఓట్లలో మెజారిటీ ఎవరిదైతే వాళ్ళు గెలిచినట్టు. 2010 వరకు ఇలా ఉండేది కాదు. ఓటు వేయనివాళ్ళందరినీ యూనియన్ వద్దన్నట్టే లెక్కేసేవారు. ఒకసారి యూనియన్‌ను ధ్రువీకరించాక రెండేళ్ళ దాకా మరో యూనియన్ సవాలు చేయడానికి వీల్లేదు.

రెండోది, విలీనం దారి. రెండు యూనియన్ల నాయకులు కూర్చుని షరతులు రాసుకుంటారు. తర్వాత సభ్యుల ముందు పెడతారు. కాంటినెంటల్ పైలట్ల సొంత సంఘం 2001లో, ఫెడెక్స్ పైలట్ల సొంత సంఘం 2002లో ఇలాగే అల్పాలో కలిశాయి.

నా అభిప్రాయం అడిగితే విలీనం దారే మేలు. సంతకాల దారిలో పైలట్ చేతికి ముందుగా ఏ కాగితమూ రాదు. పాత యూనియన్ ఖజానా ఏమవుతుంది, నడుస్తున్న కేసులు ఎవరు చూస్తారు, సిబ్బంది ఉంటారా, ఇవన్నీ గెలిచాక తేల్చుకోవాలి. విలీనంలో ఇవి ముందే రాతపూర్వకంగా ఉంటాయి. చదివి, నచ్చకపోతే వద్దనొచ్చు.

యూనియన్ మారితే ఉన్న ఒప్పందం రద్దవుతుందా?

కాదు. జీతాలు, డ్యూటీ నియమాలు, సెలవులు అన్నీ అలాగే ఉంటాయి. కొత్త యూనియన్ ఆ ఒప్పందాన్ని తన భుజాన వేసుకుని నడపాలి. పైగా ఈ చట్టం కింద ఒప్పందానికి గడువు తీరడం అనేది ఉండదు. ఫలానా తేదీ నుంచి సవరణకు తెరవొచ్చు అని మాత్రమే ఉంటుంది. కొత్తది కుదిరే దాకా, ఎన్నేళ్ళు పట్టినా, పాతదే నడుస్తుంది.

అమెరికన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు ఒకప్పుడు అల్పాలోనే ఉండేవారట, నిజమేనా?

నిజమే. 1963లో విడిపోయారు. జెట్ విమానాల కాక్‌పిట్‌లో మూడో సీటులో ఎవరు కూర్చోవాలి, పైలటా, ఫ్లయిట్ ఇంజనీరా అన్న గొడవ అప్పట్లో అన్ని కంపెనీల్లోనూ ఉండేది. దాని మీద అల్పా కేంద్ర నాయకత్వానిది ఒక విధానం. అమెరికన్ పైలట్లు తమ కంపెనీతో తామే తేల్చుకోవాలనుకున్నారు. మా బేరం మేం ఆడుకుంటామా, కేంద్రం అనుమతి తీసుకోవాలా అన్న దగ్గర తెగిపోయింది. అరవై ఏళ్ళ తర్వాత ఇవాళ జరుగుతున్న చర్చలోనూ అసలు ప్రశ్న అదే.

సీనియారిటీ నంబర్ అంటే పైలట్లు ప్రాణం పెడతారెందుకు?

మిగతా చాలా ఉద్యోగాల్లో అనుభవం మనిషి వెంట వస్తుంది. ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి వెళితే జీతం పెరుగుతుంది తప్ప తగ్గదు. పైలట్‌కు అలా కాదు. ఆ కంపెనీలో చేరిన వరుసను బట్టి వచ్చే నంబరే అతని సీనియారిటీ. ఇరవై ఏళ్ళు విమానం నడిపిన కెప్టెన్ కంపెనీ మారితే కొత్తగా చేరిన కుర్రాడి వెనక నిలబడాలి. జీతం కూడా మొదటి ఏడాది జీతమే.

కంపెనీ లోపల అన్నీ ఆ నంబర్‌ను బట్టే జరుగుతాయి. ఏ ఊరు బేస్‌గా దొరుకుతుంది, ఏ విమానం నడపాలి, ఎప్పుడు కెప్టెన్ అవుతారు, నెల రోస్టర్‌లో ఏ ట్రిప్పులు వస్తాయి, క్రిస్మస్‌కు ఇంట్లో ఉంటారా హోటల్లో ఉంటారా, అన్నీ. కంపెనీకి కష్టమొచ్చి మనుషుల్ని తగ్గించాల్సి వస్తే లిస్టు అడుగు నుంచి మొదలుపెడతారు. దాన్ని ఫర్లో అంటారు. ఉద్యోగం పేరుకు ఉంటుంది, పిలుపు వచ్చే దాకా జీతం ఉండదు. 2001 సెప్టెంబర్ దాడుల తర్వాత వేలమంది పైలట్లు అలా ఏళ్ళ తరబడి ఇళ్ళలో కూర్చున్నారు.

ఇప్పుడు రెండు కంపెనీలు కలిశాయనుకోండి. రెండు లిస్టులు ఒక్కటి కావాలి. 3,000 నంబర్‌లో ఉన్న మనిషి 4,500కి జారితే, అతనికి కెప్టెన్ సీటు ఎన్నో ఏళ్ళు ఆలస్యం కావచ్చు. ఆ తేడా జీవితాంతం లెక్కేస్తే లక్షల డాలర్లు. ఈ లిస్టును కలిపే పని యూనియన్ చేతుల మీదుగా జరుగుతుంది. ఏ యూనియన్ అన్న ప్రశ్న అక్కడే మంట పుట్టిస్తుంది.

యూఎస్ ఎయిర్‌వేస్ గొడవను అందరూ ఉదాహరణగా చెబుతారు. ఏం జరిగింది?

ఈ చర్చలో తప్పక తెలుసుకోవాల్సిన కథ ఇది. కొంచెం వివరంగా చెబుతాను.

2005లో యూఎస్ ఎయిర్‌వేస్, అమెరికా వెస్ట్ కలిసిపోయాయి. మొదటిది తూర్పు తీరంలో పాత, పెద్ద కంపెనీ. 2002లో ఒకసారి, 2004లో మరోసారి దివాలా కోర్టుకెక్కింది. రెండోది ఫీనిక్స్ కేంద్రంగా ఉన్న చిన్న, కొత్త కంపెనీ. రెండింటి పైలట్లూ అల్పా సభ్యులే. పైలట్లు తమను ఈస్ట్, వెస్ట్ అని పిలుచుకునేవారు.

ఈస్ట్ వాళ్ళ వాదన సూటిగా ఉండేది. ఉద్యోగంలో చేరిన తేదీని బట్టి లిస్టు వేయండి, ముందు చేరినవాడు ముందు. వెస్ట్ వాళ్ళు ఒప్పుకోలేదు. మీ కంపెనీ మూతపడే స్థితిలో ఉంది, మీలో చాలామంది ఫర్లోలో ఉన్నారు, లేని ఉద్యోగాన్ని చూపించి మా కెప్టెన్ సీట్లు ఎలా తీసుకుంటారు అన్నారు. రెండు వాదనల్లోనూ న్యాయం ఉంది. అదే ఇందులోని బాధ.

అల్పా నియమాల ప్రకారం విషయం జార్జ్ నికొలావ్ అనే మధ్యవర్తి దగ్గరికి వెళ్ళింది. ఆయన తీర్పుకు కట్టుబడతామని రెండు వైపులా ముందే ఒప్పుకున్నాయి. 2007 మే నెలలో తీర్పు వచ్చింది. పెద్ద విమానాలు నడిపే సుమారు 500 మంది ఈస్ట్ పైలట్లను లిస్టు పైన పెట్టి, ఫర్లోలో ఉన్న ఈస్ట్ పైలట్లను అడుగున పెట్టి, మధ్యలో మిగతావాళ్ళను వాళ్ళ హోదాల నిష్పత్తిలో కలిపారు. దాంతో పదిహేనేళ్ళకు పైగా సర్వీసున్న ఒక ఈస్ట్ పైలట్, విలీనానికి కొన్ని నెలల ముందు చేరిన వెస్ట్ పైలట్ కంటే కిందికి పోయాడు.

ఈస్ట్‌లో ఆగ్రహం కట్టలు తెంచుకుంది. సంఖ్యలో వాళ్ళే ఎక్కువ. అల్పాను వదిలించుకుంటే తీర్పు కూడా పోతుందనుకుని యూసాపా అనే కొత్త యూనియన్ పెట్టారు. చేరిన తేదీయే ప్రమాణమని దాని రాజ్యాంగంలోనే రాసుకున్నారు. 2008 ఏప్రిల్‌లో బోర్డు నిర్వహించిన ఎన్నికలో యూసాపా గెలిచింది, అల్పా బయటికి పోయింది.

తర్వాత ఏమైంది? తీర్పు పోలేదు. వెస్ట్ పైలట్లు ఫీనిక్స్ ఫెడరల్ కోర్టుకెక్కారు. 2009లో జ్యూరీ వాళ్ళ పక్షాన నిలిచింది. 2010లో అప్పీల్ కోర్టు, ఇంకా ఉమ్మడి ఒప్పందమే కుదరలేదు కాబట్టి కేసు వేయడానికి సమయం రాలేదని ఆ తీర్పును పక్కన పెట్టింది. ఈలోగా ఈస్ట్, వెస్ట్ ఒకే కంపెనీ పేరుతో ఎగురుతూ వేర్వేరు ఒప్పందాల కింద పనిచేశారు. ఈస్ట్ పైలట్లు దివాలా కాలంలో తగ్గించిన జీతాలతోనే ఏళ్ళు గడిపారు. పక్క కంపెనీల పైలట్లు ముందుకు వెళుతుంటే వీళ్ళు అక్కడే ఉండిపోయారు. 2015లో అప్పీల్ కోర్టు యూసాపా వెస్ట్ పైలట్ల పట్ల తన బాధ్యతను ఉల్లంఘించిందని తేల్చింది. అప్పటికి యూసాపాయే లేదు. 2013 డిసెంబర్‌లో అమెరికన్ ఎయిర్‌లైన్స్‌తో విలీనం జరిగింది, 2014లో అందరి ప్రతినిధిగా ఏపీఏని బోర్డు ధ్రువీకరించింది. అంతిమ లిస్టు 2016 సెప్టెంబర్‌లో ముగ్గురు మధ్యవర్తుల బృందం ఇచ్చింది. అది హోదాలనూ సర్వీసు కాలాన్నీ రెండింటినీ లెక్కలోకి తీసుకుంది.

2005 నుంచి 2016 దాకా పదకొండేళ్ళు. ఒకే కాక్‌పిట్‌లో పక్కపక్కన కూర్చోవాల్సిన మనుషులు కోర్టులో ఎదురెదురుగా నిలబడ్డారు. ఇది తలచుకున్నప్పుడల్లా నాకు కష్టంగా ఉంటుంది. తీర్పు మీద కోపం న్యాయమైనదే కావచ్చు. కానీ యూనియన్‌ను మార్చినంత మాత్రాన లిస్టు మారదు. ఇవాళ సంతకాల కార్డు చేతిలో పట్టుకున్న ప్రతి పైలట్ ముందుగా తెలుసుకోవాల్సింది ఇదే.

మరి అల్పాది ఏ తప్పూ లేదా?

ఉంది. ఆ రోజుల్లో అల్పా విలీన విధానంలో సర్వీసు కాలానికి ప్రత్యేకంగా చోటు లేదు. తర్వాత దాన్ని చేర్చారు. ముందే చేర్చి ఉంటే ఈ గాయం ఇంత లోతుగా ఉండేది కాదు.

ఇంకో మచ్చ కూడా ఉంది. 2001లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ టీడబ్ల్యూఏ కంపెనీని కొన్నప్పుడు, టీడబ్ల్యూఏ పైలట్లు అల్పాలో, అమెరికన్ పైలట్లు ఏపీఏలో ఉన్నారు. టీడబ్ల్యూఏ వాళ్ళలో ఎక్కువమందిని లిస్టు అడుగున చేర్చారు. తర్వాత వచ్చిన కోతల్లో చాలామంది ఫర్లోకు పోయారు. తమ తరఫున గట్టిగా పోరాడలేదని వాళ్ళు అల్పా మీద కేసు వేశారు. 2011లో జ్యూరీ అల్పాదే తప్పంది. అల్పా చివరికి 5 కోట్ల 30 లక్షల డాలర్లకు రాజీ పడింది. అమెరికన్ పైలట్లను తమలో చేర్చుకోవాలని అల్పా అప్పుడే ఆశపడిందని, అందుకే మెత్తబడిందని టీడబ్ల్యూఏ పైలట్ల ఆరోపణ.

ఈ అన్యాయం చూశాకే మిస్సోరీ సెనేటర్లు క్లెయిర్ మెకాస్కిల్, కిట్ బాండ్ 2007లో ఒక చట్టం తెచ్చారు. టీడబ్ల్యూఏ కేంద్రం సెయింట్ లూయిస్ వాళ్ళ రాష్ట్రంలోదే. ఇప్పుడు కంపెనీలు కలిస్తే లిస్టుల కలయిక న్యాయంగా, సమంజసంగా ఉండాలి, కుదరకపోతే మధ్యవర్తికి పోవాలి. పెద్ద యూనియన్ చిన్నదాన్ని ఓట్లతో తొక్కేసే అవకాశం దీనివల్ల బాగా తగ్గింది.

అల్పాలో కలుద్దాం అనేవాళ్ళ వాదన ఏమిటి?

వాషింగ్టన్‌లో బలం. రిటైర్మెంట్ వయసు, కాక్‌పిట్‌లో ఇద్దరు పైలట్లు తప్పనిసరిగా ఉండాలన్న నియమం, డ్యూటీ గంటలు, ఇవి ఏ ఒక్క కంపెనీ బేరంలోనూ తేలవు. చట్టసభలో, విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌ఏఏ దగ్గర తేలతాయి. అక్కడ 75 వేల మంది తరఫున మాట్లాడే గొంతు వేరుగా వినిపిస్తుంది. విమాన ప్రమాద దర్యాప్తు నిపుణులు, పైలట్ల మెడికల్ సర్టిఫికెట్ సమస్యలు చూసే డాక్టర్లు, లాయర్లు, కంపెనీ లెక్కలు విప్పి చూసే ఆర్థిక విశ్లేషకులు అల్పాకు సొంతంగా ఉన్నారు. డెల్టా, యునైటెడ్, అమెరికన్ పైలట్లు ఒకే గొడుగు కింద ఉంటే ఒక కంపెనీని చూపించి ఇంకో కంపెనీ జీతాలు తగ్గించడం కష్టమవుతుందన్నది ఇంకో మాట.

ఏపీఏతోనే ఉందాం అనేవాళ్ళు ఏమంటారు?

వాళ్ళ మాటను తేలిగ్గా తీసుకోకూడదు. ఏపీఏలో అధ్యక్షుణ్ణి సభ్యులు నేరుగా ఓటేసి ఎన్నుకుంటారు. అల్పా జాతీయ అధ్యక్షుణ్ణి వివిధ కంపెనీల నుంచి వచ్చిన ప్రతినిధులు ఎన్నుకుంటారు. అల్పాలో ప్రతి కంపెనీకీ సొంత కార్యవర్గం ఉంటుంది, బేరం అదే ఆడుతుంది. కానీ ఒప్పందం మీద జాతీయ అధ్యక్షుడి సంతకం కూడా కావాలి. 1963లో విడిపోయినవాళ్ళ వారసులకు ఆ చివరి సంతకం గుచ్చుకుంటుంది.

ఇంకో గట్టి అభ్యంతరం చిన్న విమాన కంపెనీల గురించి. అమెరికన్ సొంతమైన ఎన్వాయ్, పీఎస్‌ఏ, పీడ్‌మాంట్ అనే రీజినల్ కంపెనీల పైలట్లు అల్పాలో ఉన్నారు. ఎన్ని సీట్ల విమానాల దాకా రీజినల్ వాళ్ళు నడపొచ్చు, ఆపైన ఎక్కడి నుంచి మెయిన్‌లైన్ వాళ్ళే, అంటే పెద్ద కంపెనీ పైలట్లే నడపాలి అన్న హద్దును స్కోప్ అంటారు. ఆ హద్దు ఎటు జరిగినా ఒకరికి లాభం, ఇంకొకరికి నష్టం. ఇద్దరి తరఫునా ఒకే యూనియన్ ఎలా వాదిస్తుంది? రెండు దశాబ్దాల క్రితం కామ్‌ఎయిర్ రీజినల్ పైలట్లు ఇదే విషయం మీద అల్పాను కోర్టుకు ఈడ్చారు. ఈ ప్రశ్నకు అల్పా మద్దతుదార్ల నుంచి పూర్తిగా తృప్తినిచ్చే జవాబు నాకు ఇంతవరకు వినిపించలేదు.

చందా ఎంత?

యూనియన్‌ను బట్టి మారుతుంది. మామూలుగా జీతంలో ఒక శాతం నుంచి రెండు శాతం లోపు ఉంటుంది. సీనియర్ కెప్టెన్ జీతం మీద అర శాతం తేడా కూడా ఏడాదికి వేల డాలర్లవుతుంది కాబట్టి అందరూ అడిగే మొదటి ప్రశ్న ఇదే.

టెక్సస్‌లో యూనియన్ రుసుము కట్టడం తప్పనిసరి కాదని కొందరు చెబుతారు. ఆ రాష్ట్ర చట్టం విమాన కంపెనీ ఉద్యోగులకు వర్తించదు. 1951లో రైల్వే లేబర్ యాక్ట్‌కు చేసిన సవరణ వల్ల ఒప్పందంలో ఆ షరతు ఉంటే, సభ్యుడు కాకపోయినా ప్రాతినిధ్యానికి అయ్యే రుసుము కట్టాలి.

పెద్ద యూనియన్ ఉంటే జీతాలు ఎక్కువ పెరుగుతాయా?

ఈమధ్య జరిగినవి చూస్తే అలా చెప్పలేం. 2023 మార్చిలో అల్పా కింద ఉన్న డెల్టా పైలట్లు నాలుగేళ్ళలో 34 శాతం పెంపుతో ఒప్పందం చేసుకున్నారు. సొంత యూనియన్ ఉన్న అమెరికన్ పైలట్లు అదే ఏడాది ఆగస్టులో నాలుగేళ్ళలో 40 శాతం దాటిన పెంపు సాధించారు. మధ్యలో ఒక ముఖ్యమైన సంగతుంది. అమెరికన్ పైలట్లు మే నెలలోనే ఒక అంగీకారానికి వచ్చారు. జులైలో యునైటెడ్‌కు అల్పా అంతకంటే మెరుగైన ఒప్పందం కుదుర్చుకునేసరికి, అమెరికన్ యాజమాన్యం తన ఆఫర్‌కు 100 కోట్ల డాలర్లకు పైగా అదనంగా చేర్చాల్సి వచ్చింది. 2024 జనవరిలో సౌత్‌వెస్ట్ పైలట్ల సొంత యూనియన్ స్వాపా ఐదేళ్ళలో సుమారు 50 శాతం సాధించింది.

పైలట్ల కొరత, కంపెనీ లాభాలు, పక్క కంపెనీ ఒప్పందం, ఇవే జీతాన్ని నడిపించాయి. యూనియన్ పేరు కాదు.

గెలిచిన యూనియన్ సమ్మె చేయించగలదా?

అంత తేలిక కాదు. మీడియేషన్ బోర్డు ఇక కుదరదని వదిలేయాలి, తర్వాత 30 రోజులు ఆగాలి, అప్పుడు కూడా అమెరికా అధ్యక్షుడు అడ్డుకోవచ్చు. 1997 ఫిబ్రవరిలో అమెరికన్ పైలట్లు సమ్మె మొదలుపెట్టిన కొన్ని నిమిషాలకే అధ్యక్షుడు క్లింటన్ జోక్యం చేసుకుని ఆపించారు. 1999లో రెనో ఎయిర్ అనే కంపెనీని అమెరికన్ కొన్న విషయంలో పైలట్లు మూకుమ్మడిగా సిక్ లీవు పెట్టారు. కోర్టు ఉత్తర్వు ధిక్కరించినందుకు ఏపీఏ మీద సుమారు 4 కోట్ల 50 లక్షల డాలర్ల జరిమానా పడింది. చిన్న యూనియన్‌కు అది ప్రాణాంతకమైన దెబ్బ.

ఓడిన పక్షానికి ఓటేసినవాళ్ళను కొత్త యూనియన్ పట్టించుకోకపోతే?

పట్టించుకోవాలి. చట్టం అలా ఆదేశిస్తోంది. 1944లో అమెరికా సుప్రీంకోర్టులో స్టీల్ అనే కార్మికుడి కేసులో ఈ సూత్రం స్థిరపడింది. లూయిస్‌విల్ అండ్ నాష్‌విల్ రైల్‌రోడ్‌లో నల్లజాతి ఫైర్‌మెన్‌ను, అంటే రైలింజన్‌లో మంట చూసుకునేవాళ్ళను, తెల్లవాళ్ళ యూనియన్ సభ్యులుగా చేర్చుకోలేదు. పైగా వాళ్ళ ఉద్యోగాలు ఊడేలా కంపెనీతో ఒప్పందం చేసుకుంది. అందరి తరఫునా మాట్లాడే హక్కు నీ ఒక్కదానికే ఉన్నప్పుడు, అందరినీ న్యాయంగా చూడాల్సిన బాధ్యత కూడా నీదే అని కోర్టు ఆ యూనియన్‌కు చెప్పింది. వెస్ట్ పైలట్లు, టీడబ్ల్యూఏ పైలట్లు కోర్టులో నిలబడగలిగింది ఈ తీర్పు వేసిన పునాది మీదే.

అయితే ప్రతి అసంతృప్తీ కేసు కాదు. 1991లో ఒనీల్ కేసులో సుప్రీంకోర్టు యూనియన్లకు చాలా వెసులుబాటు ఇచ్చింది. నిర్ణయం బాగాలేకపోవడం చాలదు. అది పూర్తిగా అసమంజసమైనదనో, వివక్షతోనో దురుద్దేశంతోనో తీసుకున్నదనో చూపించాలి.

భద్రత విషయంలో అల్పానే ముందుంటుందా?

అల్పా పాత్ర పెద్దదే. 2009 ఫిబ్రవరిలో న్యూయార్క్ రాష్ట్రంలోని బఫలో దగ్గర కోల్గన్ అనే రీజినల్ కంపెనీ విమానం కూలి 50 మంది చనిపోయారు. పైలట్ల అలసట మీద దేశమంతా చర్చ జరిగింది. 2014 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన కొత్త విశ్రాంతి నియమాల వెనక అల్పా చేసిన పని చాలా ఉంది. కానీ మృతుల కుటుంబాల పోరాటాన్ని పక్కన పెట్టి ఈ ఘనత ఏ యూనియన్‌కూ ఇవ్వలేం.

ఆ నియమాల నుంచి సరుకు రవాణా విమానాలను మినహాయించినప్పుడు కోర్టుకెళ్ళింది ఒక చిన్న యూనియన్. యూపీఎస్ పైలట్ల సొంత సంఘం ఐపీఏ. గెలవలేదు, కానీ నిలబడింది. భద్రత మీద పట్టుదలకు యూనియన్ సైజుతో పనిలేదు.

ఒకసారి వద్దనుకుంటే ఇక అంతేనా?

కాదు. జెట్‌బ్లూ పైలట్లు 2009లో సొంత సంఘాన్ని, 2011లో అల్పాను తిరస్కరించారు. 2014లో 71 శాతం మంది అల్పాకు ఓటేశారు. ఫెడెక్స్ పైలట్లు అల్పాలో చేరి, బయటికొచ్చి, మళ్ళీ చేరారు.

మన దేశంలో ఇలాంటిది జరిగిందా?

ఎయిర్ ఇండియాలో జరిగింది. 2007లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌ను అందులో కలిపారు. పెద్ద విమానాల పైలట్లకు ఇండియన్ పైలట్స్ గిల్డ్, పాత ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లకు ఐసీపీఏ. కంపెనీ ఒక్కటైంది, సంఘాలు కాలేదు. 2011లో జీతాల్లో సమానత కోసం ఐసీపీఏ సమ్మె చేస్తే దాని గుర్తింపు రద్దు చేశారు. 2012లో కొత్త డ్రీమ్‌లైనర్ల శిక్షణ రెండోవైపు పైలట్లకూ ఇవ్వడాన్ని వ్యతిరేకిస్తూ గిల్డ్ దాదాపు రెండు నెలలు సమ్మె చేసింది. అమెరికాలో ఈస్ట్, వెస్ట్ ఒకే యూనియన్ లోపల కొట్టుకుంటే, ఇక్కడ రెండు యూనియన్లు బయట కొట్టుకున్నాయి. కారణం మాత్రం ఒకటే, ఎవరు ముందు ప్రమోషన్ అందుకుంటారన్నది.

2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం 51 శాతం మంది మద్దతున్న యూనియన్ ఒక్కటే బేరం ఆడుతుంది. ఆ మేరకు మన పద్ధతి కూడా అమెరికా పద్ధతికి దగ్గరైంది. ఆ చట్టం దృష్టిలో పైలట్ వర్కరా కాదా అన్నది వేరే వాదన.

మా తమ్ముడు కొత్తగా చేరాడు. కార్డు మీద సంతకం పెట్టమంటున్నారు. పెట్టాలా?

కార్డు మీద సంతకం అంటే ఎన్నిక జరపమని అడగడం. అది ఓటు కాదు. సంతకం పెట్టి కూడా తర్వాత పాత యూనియన్‌కే ఓటేయొచ్చు. కార్డులు మీడియేషన్ బోర్డుకు వెళతాయి, ఎవరు పెట్టారో బోర్డు కంపెనీకి చెప్పదు. పెట్టమని గానీ వద్దని గానీ యాజమాన్యం ఒత్తిడి చేయడం చట్టవిరుద్ధం. కాబట్టి భయపడాల్సిన పనిలేదు.

సంతకానికి ముందు కార్డు తెచ్చినవాళ్ళను కొన్ని విషయాలు అడగమనండి. ఇప్పుడు నడుస్తున్న ఫిర్యాదుల కేసులను మొదటి రోజు నుంచి ఎవరు చూస్తారు? స్కోప్ మీద రీజినల్ పైలట్లతో పేచీ వస్తే ఎవరి మాట చెల్లుతుంది? రేపు ఇంకో కంపెనీతో విలీనం జరిగితే లిస్టు కోసం ఏ విధానం పాటిస్తారు, అది రాతలో ఎక్కడుంది? పాత యూనియన్ వాళ్ళను కూడా ఇవే అడగాలి. మెడికల్ సర్టిఫికెట్ పోయినప్పుడు, సిమ్యులేటర్ చెక్‌లో ఫెయిలైనప్పుడు యూనియన్ నుంచి ఎవరు వచ్చి పక్కన కూర్చున్నారో ఆ అనుభవం ఉన్న సీనియర్లను కనుక్కోమనండి. జవాబులు కాగితం మీద చూశాకే సంతకం పెట్టమనండి.